ఎక్స్‌ఛేంజి ఇంటి ఏడుపు

కార్నయార్విలో పాత టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి ఇల్లంటే ఎవరికీ పడదు. శ్మశానానికి వెళ్లే దారిలో, సరస్సు మలుపు తిరిగే చోట, బిర్చి చెట్ల నడుమ ఒంటరిగా నిలబడ్డ ఎర్రరంగు చెక్క ఇల్లు అది. పగటి వెలుతురులో చూస్తే పాపం, ఎవర్నీ ఏమీ అనదు.

కానీ ఉత్తర ధ్రువం దగ్గరి మా లాప్‌లాండ్‌లో డిసెంబరు నెలలో పగలనేది ఉంటేగా...

నవంబరు చివర్లో దిగిపోయిన సూర్యుడు మళ్లీ జనవరిలో గానీ మొహం చూపించడు. మధ్యాహ్నం భోజనం చేసి చెయ్యి కడుక్కుని బయటికొస్తే కటిక చీకటి. అందుకని మా ఊరి దెయ్యాలు అర్ధరాత్రి దాకా కాచుక్కూర్చోవు. ఆఫీసు వేళల్లోనే పని కానిచ్చేస్తాయి.

ఆ ఇంట్లో ఒకప్పుడు హిల్మా ఉండేది. చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, బోర్డు మీద ప్లగ్గులు గుచ్చుతూ పీకుతూ ఊరినంతా మాట్లాడించేది. ఎవరి మాటైనా ఆవిడ చేతుల్లోంచే పోవాలి. చెవుల్లోంచి కూడా పోయేదని గిట్టనివాళ్లు అనేవారు. తర్వాత ఆటోమేటిక్ ఎక్స్‌ఛేంజి వచ్చింది. డయలు తిప్పుకుంటే చాలు, మధ్యలో హిల్మా అక్కర్లేదు. ఆ చలికాలమే జ్వరమొచ్చి పోయింది. ఆ బోర్డు ముందే, ఆ కుర్చీలోనే... హెడ్‌ఫోన్ తియ్యకుండా.

అప్పట్నుంచీ చీకటిపడ్డాక ఆ దారిన వెళ్లేవాళ్లు మెడ పక్కకి తిప్పరు. లోపల్నించి ఎవరో పిలిచినట్టుంటుందని చెబుతారు. తిరిగి చూస్తే లైను కలిపేస్తుందట. ఎవరితో కలుపుతుందో ఎవరూ చెప్పరు, శ్మశానం వైపు చూసి ఊరుకుంటారు.

సిర్కాకి వీటి మీద నమ్మకం లేదు. ఆమె మునిసిపల్ ఆఫీసులో కంప్యూటర్లు చూసే మనిషి. అంటే, ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే ఆమెనే పిలుస్తారు. నలభై దాటినా ఒంటరి మనిషే. మాట పొదుపు, కాఫీ దండి.

1995లో, ఆకులు రాలే రోజుల్లో, ఊరి మేనేజరు కౌకో హెల్సింకిలో ఏదో సదస్సుకి వెళ్లొచ్చాడు. వస్తూ వస్తూ ఒక మాట మోసుకొచ్చాడు.

"సమాచార రహదారి, సిర్కా. దేశమంతా పోతోంది. మన ఊళ్లోంచి కూడా పోవాలి."

"ఉన్న రహదారికే గుంతలు పూడ్చలేదు."

"అది వేరే కమిటీ," అన్నాడు కౌకో.

జిల్లా కేంద్రం రోవనియెమిలో ఉన్న పెద్ద కంప్యూటరుకి ఊరి లెక్కలూ నివేదికలూ ఫోను తీగ మీద పంపాలి. ఊరి తీగలన్నీ ఇప్పటికీ వచ్చి చేరేది ఎక్స్‌ఛేంజి ఇంటి గోడలోకే. కొత్త తీగ ఎందుకు లాగడం, మెషీను అక్కడే పెట్టెయ్ అన్నారు. అలా హిల్మా కూర్చున్న గదిలోకి, హిల్మా పనిచేసిన బల్ల మీదికి ఒక పాత కంప్యూటరూ, దాన్ని ఫోను తీగకి కలిపే ఒక మోడెమూ చేరాయి.

అందులో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం ఎక్కించింది సిర్కా. ఆ రోజుల్లో దాని కెర్నెల్‌ని ఎవరికి వాళ్లే వండుకోవాలి. కెర్నెల్ అంటే కంప్యూటరు గుండెకాయ అనుకోండి. అది ఒప్పుకోనిదే డిస్కు తిరగదు, మోడెమ్ కూయదు. వండే ముందు అది ఒక్కో ప్రశ్నా అడుగుతుంది. ఫలానాది కావాలా, వద్దా? ఏమీ చెప్పకుండా ఎంటర్ కొట్టారో, వద్దనే రాసుకుంటుంది. అచ్చం మా కౌన్సిల్ లాగే.

మొదటిసారి సిర్కా తొందరలో ఎంటర్లు కొట్టుకుంటూ పోయింది. మధ్యాహ్నమంతా డిస్కు గరగరలాడి కెర్నెల్ ఉడికింది. లేపి చూస్తే దానికి ఫోను లైనంటే ఏమిటో తెలియదు. రెండోసారి పంతం పట్టి ప్రతిదానికీ కావాలనే చెప్పింది. ఫోను తీగ మీద నెట్‌వర్కు కావాలి. పాత పద్ధతి, స్లిప్ అంటారు, అదీ కావాలి. కొత్త పద్ధతి పీపీపీ, అదీ కావాలి.

ఆ రెండూ ఉంటే ఒక సదుపాయం ఉంది. స్లిప్ ఒక ఉత్తుత్తి లైను పట్టుకుని గుమ్మంలో కాపలా కూర్చుంటుంది. బయటికెళ్లే సమాచారపు ముక్క ఒక్కటి కనబడితే చాలు, పీపీపీని తట్టి లేపుతుంది. మోడెమ్ తనంతట తనే ఫోను చేసి, పని చూసుకుని, పెట్టేస్తుంది. మనిషితో పనే లేదు.

రోవనియెమి వాళ్లు రెండు నంబర్లు ఇచ్చారు. మొదటిది దొరక్కపోతే రెండోది. సిర్కా రెండూ మెషీనులో కొట్టింది, తాళం వేసింది, వచ్చేసింది. మరుసటి వారం పత్రికలో కౌకో ఫొటో పడింది, కంప్యూటరు మీద చెయ్యి వేసి నవ్వుతూ. తెర మీద ఏమీ లేదు. ఆన్ చెయ్యడం మర్చిపోయారు.

తర్వాత చీకటి రోజులు వచ్చాయి.

మొదట విన్నది పెక్కా. మంచు తోసే ట్రాక్టరు నడుపుతాడు. మలుపు దగ్గర ఇంజను ఆపి సిగరెట్ వెలిగించుకున్నాడట. గాలి లేదు. మంచు కూడా పడటం లేదు. అంతలో ఆ ఇంట్లోంచి...

"ఎలా ఉంది?" అని అడిగారు సహకార దుకాణంలో కాఫీ బల్ల దగ్గరివాళ్లు.

పెక్కా కప్పులోకి చూస్తూ గొంతు తగ్గించాడు. "ముందు గొణిగింది. తర్వాత కీచుమంది. ఆ తర్వాత... రెండు గొంతులతో ఒకేసారి కేక పెట్టింది. ఆఖర్న బుస కొట్టింది."

"తర్వాత?"

"తర్వాతేముంది. నేను లేను అక్కడ."

వారం తిరక్కుండా విన్నవాళ్లు పెరిగారు. విననివాళ్లు కూడా విన్నామన్నారు, లేకపోతే బల్ల దగ్గర చోటు దొరకడం లేదు. స్కీయింగ్ పిల్లలు దారి మార్చుకున్నారు. పాదిరి మాత్రం, శ్మశానం గోడకి ఇవతల జరిగేవి మునిసిపాలిటీ కిందికి వస్తాయని తేల్చేశాడు.

సిర్కాకి విన్న వెంటనే అర్థమైంది. నేరుగా కౌకో గదికి వెళ్లింది.

"అది మోడెమ్. స్పీకరు ఆపడం మర్చిపోయాను. రెండు మోడెములు కలుసుకున్నప్పుడు అలాగే అరుస్తాయి."

కౌకో లేచి తలుపు వేశాడు. "ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. కార్నయార్వి రహదారి కేకలు పెడుతోందని పత్రికలో వస్తే నేనేం కావాలి? దెయ్యమే నయం. దెయ్యానికి నేను సంతకం పెట్టలేదు."

విషయం కౌన్సిల్‌కి ఎక్కింది. ఎక్స్‌ఛేంజి ఇంట్లో దెయ్యం ఉన్నదా, లేదా అని ఓటింగు పెట్టారు. దెయ్యం ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. ఓడినవాళ్లు ఒప్పుకోలేదు, పరిశీలక కమిటీ వెయ్యాల్సిందే అన్నారు. వేశారు. కమిటీ పగటి వెలుతురులోనే వెళ్లాలని ఇంకొకరు సవరణ తెచ్చారు. అదీ నెగ్గింది. అంటే జనవరి దాకా అందరూ నిశ్చింతగా నిద్రపోవచ్చు.

ఇంతలో ఓయివా సంగతి తెలిసింది.

ఓయివా ఎనభై దగ్గరపడ్డ మనిషి. వయసులో ఉన్నప్పుడు నదిలో దుంగలు తేల్చేవాడు. ఊరి చివర ఒక్కడే ఉంటాడు. మధ్యాహ్నాలు హిల్మా తనకి ఫోను చేస్తోందని దుకాణంలో చెప్పాడట. భయపడుతూ కాదు... రేపు మంచు పడుతుందని చెప్పినట్టు చెప్పాడట.

"నువ్వెళ్లి ఆయన ఫోను చూడు," అన్నాడు కౌకో. "నీకు తీగల సంగతి తెలుసు కదా. అలాగే నోరు కాస్త..."

"ఆయన నోరు నా డిపార్ట్‌మెంటు కాదు," అంది సిర్కా. అన్నా, వెళ్లింది.

ఓయివా వంటగదిలో పొయ్యి మండుతోంది. పలచని రియెస్కా రొట్టె మీద వెన్న రాసి ముందు పెట్టాడు. కాఫీ పోశాడు. చాలాసేపు ఇద్దరూ ఏమీ మాట్లాడలేదు. మా వైపు అది మర్యాదే.

"ఏమంటుంది ఫోనులో?" అని చివరికి సిర్కానే అడిగింది.

"ఏమీ అనదు. ఏడుస్తుంది."

"ఏడుస్తుందా?"

"నువ్వే విందువు గాని. వేళవుతోంది."

కిటికీ అవతల నీలపు చీకటి. పొయ్యిలో కట్టె ఒకటి విరిగి పడింది. సిర్కా నవ్వుదామనుకుంది గానీ నవ్వు రాలేదు. ఎదురుగా ఆ ముసలాయన గోడ గడియారం వైపు చూస్తూ, చొక్కా కాలరు సర్దుకుంటున్నాడు... ఎవరో ఇంటికొస్తున్నట్టు.

ఫోను మోగింది.

ఓయివా కదల్లేదు. తీసుకోమన్నట్టు గడ్డంతో చూపించాడు. సిర్కా రిసీవరు ఎత్తి చెవికి పెట్టుకుంది.

నిశ్శబ్దం.

తర్వాత... పీ— అని సన్నటి కూత, వెక్కినట్టు. మళ్లీ నిశ్శబ్దం. ఊపిరి కూడదీసుకున్నంత సేపు. మళ్లీ పీ— ... మళ్లీ ఏమీ లేదు...

సిర్కా వెన్ను జలదరించింది. దెయ్యం వల్ల కాదు. ఆ కూత ఆమెకి బాగా తెలుసు. అవతల తనలాంటి మోడెమ్ ఎవరైనా ఉన్నారా అని పిలిచే మోడెమ్ కూత అది. ఫోను మీద అంటించిన చీటీ మీద ఓయివా నంబరు ఉంది. చూసింది. ఆ అంకెలు తను స్వయంగా కొట్టినవే. రోవనియెమి రెండో నంబరు. ముందు రోవనియెమి ఊరి కోడు కొట్టలేదు. కోడు లేకపోతే ఆ నంబరు రోవనియెమికి పోదు. ఊళ్లోనే మోగుతుంది.

జిల్లా అంతా మధ్యాహ్నమయ్యేసరికి ఒక్కసారే నివేదికలు పంపుతుంది. మొదటి నంబరు దొరకదు. ఆమె మెషీను రెండోదానికి తిప్పుతుంది. రోజూ.

"ఇది..." అని మొదలుపెట్టింది.

ఓయివా మెల్లగా ఆమె చేతిలోంచి రిసీవరు తీసుకున్నాడు. సిర్కా అక్కడ లేనట్టే గోడ వైపు తిరిగాడు.

"హిల్మా," అన్నాడు లోగొంతుకతో. "నేనే. ఇవాళ రెండు చేపలు పడ్డాయి... మొన్న సగంలో ఆపాను కదా. పొరుగు దేశంలో, గోథెన్‌బర్గ్ కార్ల ఫ్యాక్టరీలో పని ఉందంటే నీకు చెప్పకుండా పోయాను. వచ్చాక అడుగుదామనుకున్నాను. ఉంగరం కూడా కొన్నాను. వచ్చేసరికి నువ్వు లేవు. ఏడవాలనుంటే ఏడువు. నువ్వు ఏడిస్తే నాకేం కోపం లేదు."

పీ— అంది అవతల. కాసేపటికి టక్కున లైను తెగింది.

ఓయివా రిసీవరు పెట్టి కళ్లజోడు తుడుచుకున్నాడు. "ఇంతకు ముందు పెట్టేసేది. ఇప్పుడు చెప్పేదాకా వింటోంది," అన్నాడు.

సిర్కా చెప్పాల్సింది చెప్పలేకపోయింది. కాఫీ చాలా బాగుందని మాత్రం చెప్పి వచ్చేసింది.

వచ్చి, ఇంటికి వెళ్లలేదు. మంచు మీద కాలితో నెట్టుకుంటూ పోయే తోపుడు స్లెడ్జి తిప్పుకుని నేరుగా ఎక్స్‌ఛేంజి ఇంటికి పోయింది.

తాళం చలికి బిగుసుకుపోయి, గుద్దితే గానీ రాలేదు. లోపల పొయ్యి లేదు. లైటు మీట నొక్కితే బల్బు ఒకసారి మిణికి మాడిపోయింది. చెవుల మీదికి దిగే బొచ్చు టోపీ గట్టిగా లాక్కుని, హిల్మా కుర్చీలో కూర్చుంది. తెర వెలుగు ఒక్కటే... మొహం మీద తెల్లగా పడుతోంది.

నంబరు దిద్దడం క్షణం పని. అది చాలదనిపించింది. మనిషి చెప్పకుండా ఫోను చేసే మెషీను ఆమెకిక అక్కర్లేదు. ముసలాయనకి నిజం చెప్పేదాకా దీనికి లైనంటే ఏమిటో తెలియకూడదు. కొత్త కెర్నెల్ వండటానికి కూర్చుంది.

ప్రశ్నలు మొదలయ్యాయి. భయంగా ఉన్నప్పుడు ఆమె పైకి చదువుకుంటుంది. ఖాళీ ఇంట్లో గొంతు తనకే వింతగా వినబడింది.

"తీగ మీద నెట్‌వర్కు... వద్దు. స్లిప్... వద్దు. పీపీపీ..."

బయట మంచు కిర్రుమంది.

సిర్కా వేళ్లు కీబోర్డు మీదే ఆగిపోయాయి. ఎలుక కాదు. కుక్క కాదు. బరువైన అడుగు... తర్వాత ఇంకొకటి... కిటికీ వైపుగా. ఎవరో ఊపిరి బిగబట్టారు. అవును, వినబడింది. ఆమె తల తిప్పలేదు. ఈ ఇంట్లో తల తిప్పకూడదని చిన్నప్పుడు వాళ్లమ్మ చెప్పిన మాట, నమ్మకం లేని మనిషికి, ఎక్కడినుంచో వచ్చి మెడ పట్టుకుంది.

"వద్దు," అంది తెర వైపు చూస్తూ. "వద్దు... వద్దు..."

కిటికీ అవతల ఎవరో గావుకేక పెట్టారు.

తర్వాత దబ్బున ఏదో పడ్డ చప్పుడు. మంచులో పరుగు. ఒకరు కాదు, నలుగురైదుగురు. ఎవరో ఎవరినో తొక్కారు. ఎవరో దేవుణ్ణి తలుచుకున్నారు. దూరంగా ట్రాక్టరు ఇంజను ఒక్క ఊపున అందుకుని, సరస్సు వైపు మాయమైపోయింది.

సిర్కా మిగిలిన ప్రశ్నలన్నీ పూర్తి చేసింది. కెర్నెల్ ఉడకడం పూర్తయ్యాక దాన్ని లేపింది. లైనంటే తెలియని గుండెకాయ... మోడెమ్ వైపు కన్నెత్తి చూడలేదు. అప్పటికీ ఆమెకి నమ్మకం కుదరక మోడెమ్ తీగ గోడలోంచి పీకి కోటు జేబులో పెట్టుకుంది. తలుపు తీసి చూస్తే కిటికీ కింద మంచు చిందరవందరగా ఉంది. వెలుగుతున్న టార్చి ఒకటి పడి ఉంది. దాని మీద మునిసిపాలిటీ ముద్ర.

రాత్రి భోజనం వేళకి సంగతి ఊరంతా పాకింది. పరిశీలక కమిటీ, పత్రికవాడు పోరు పెడుతున్నాడని, జనవరి దాకా ఆగకుండా ఇవాళే వెళ్లిందట. పెక్కా ట్రాక్టరు మీద, కౌకో ముందుండి. కిటికీలోంచి చూశారట. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని హిల్మా తన కుర్చీలో కూర్చుని ఉందట. మొహం మంచులా తెల్లగా ఉందట. "వద్దు, వద్దు" అని తమని వెళ్లిపొమ్మందట. కౌకో మడమ బెణికింది. అత్యవసర సమావేశంలో మళ్లీ ఓటింగు పెట్టారు. ఈసారి దెయ్యం ఏకగ్రీవంగా నెగ్గింది. వచ్చే ఏడు టూరిస్టుల పుస్తకంలో వెయ్యాలని కూడా తీర్మానించారు.

సిర్కా ఫోను చేసి, ఆ కూర్చున్నది నేనే అని కౌకోకి చెప్పింది.

"తీర్మానం అయిపోయింది," అన్నాడు కౌకో. "ఇప్పుడు నువ్వు కాదు."

మర్నాడు పొద్దున్న, చీకట్లోనే, సిర్కా ఓయివా ఇంటికి బయల్దేరింది. దారంతా మాటలు పేర్చుకుంది. అది హిల్మా కాదు. నా మెషీను. నేను కోడు కొట్టడం మర్చిపోయాను. మీరు చెప్పుకున్నవన్నీ ఒక పెట్టెకి చెప్పుకున్నారు, నన్ను క్షమించండి.

ఓయివా తలుపు తీశాడు. గడ్డం నున్నగా గీసుకున్నాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు. వంటగదిలో కాఫీ వాసన.

"రా అమ్మాయ్. నేనే కబురు పెడదామనుకున్నా."

"నేను మీకొకటి చెప్పాలి," అంది సిర్కా, కోటు కూడా విప్పకుండా. "ఆ ఫోన్లు ఇక రావు. అది—"

"నిన్న రాత్రి చేసింది."

సిర్కా ఆగింది. "మధ్యాహ్నం కదా. నేను ఇక్కడున్నప్పుడు."

"అది మధ్యాహ్నం. మళ్లీ రాత్రి చేసింది. రేడియోలో ఆఖరి వార్తలు అయిపోయి పడుకోబోతున్నాను."

ఆ వేళకి లైను లేని కెర్నెల్ ఒకటి ఆ చీకటి గదిలో ఊరికే తిరుగుతోంది. తీగ తన జేబులో ఉంది. సిర్కా చెయ్యి జేబులోకి పోయి దాన్ని పట్టుకుంది.

"ఏడ్చిందా?" అంది.

"లేదు. ఏడుపు అయిపోయినట్టుంది." ఓయివా కుర్చీ జరిపి ఆమెని కూర్చోబెట్టాడు. "మాట్లాడింది. అదే గొంతు, ఏమీ మారలేదు. నీ మాటలన్నీ విన్నాను ఓయివా, నాకేం కోపం లేదు అంది. మరి కలుపు, నేను సిద్ధంగానే ఉన్నాను అన్నాను."

పొయ్యిలో మంట చిటపటలాడింది.

"కుదరదంది. లైను ఖాళీ లేదట. నీకంటే ముందు ఇద్దరున్నారు, వాళ్లయ్యాక నీ వంతు అంది."

సిర్కా పెదాలు తడుపుకుంది. "ఆ ఇద్దరూ ఎవరో... అడిగారా?"

ఓయివా పొయ్యి దగ్గరికి వెళ్లాడు. కాఫీ కూజా అందుకుని, ఆమె కప్పు అంచుదాకా నింపాడు. పంచదార గిన్నె ఆమె వైపు జరిపాడు.

"అడిగాను," అన్నాడు మెత్తగా. "తాగమ్మాయ్. చలిలో పడి వచ్చావు."